ఉప్పుకాలువ గట్టున దానమ్మ సాక్ష్యం

మా దానమ్మ పెద్దమ్మ పోయిన రోజున ఏడవడానికి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు నవ్వుకుంటూ వెళ్ళారు. ఎవరూ తప్పు పట్టలేదు. ఆమె గురించి ఎవరు ఏ మాట ఎత్తుకున్నా, ముక్కు చీదుకుంటూ మొదలుపెట్టి, చివరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఆపేవారు. అమ్మ లేని నన్ను పెంచింది ఆమె. అప్పుడు చెప్పలేకపోయిన సంగతి ఇప్పుడు గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

రేపల్లెకు దిగువన, సముద్రపు గాలి తగిలే మేర మా ఊరు. పెద్దమ్మ అక్కడ నాట్ల ముఠాకు పెద్ద. కాలువలకు నీళ్ళు వదిలారని తెలియగానే పేటలో ఆడవాళ్ళను వెంటబెట్టుకుని రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో దిగి, అమృతలూరు వైపు పొలాల్లో నాట్లు మొదలుపెట్టేది. పైవాళ్ళకు నీళ్ళు ముందు అందుతాయి. నీళ్ళు కిందికి వస్తున్న కొద్దీ ముఠా కూడా కిందికి దిగుతూ, ఆఖరున మా ఊరి బసవపున్నయ్య గారి పొలాలకు చేరేది. ఎనభైల్లో, నేను తెనాలిలో చదువుకునే రోజుల్లో, రైలు పెట్టెలో ఏ మూలనుంచి గట్టిగా నవ్వులు వినిపించినా మా పెద్దమ్మ ముఠాయే అనుకునేదాన్ని. చాలాసార్లు నిజమే అయ్యేది.

పెదనాన్న పేరు యోబు. మా లూథరన్ గుడిలో గంట కొట్టేవాడు. ఎనభై ఆరులో పచ్చకామెర్లతో పోయాడు. ఆయన్ను ఊరి బయట సమాధుల దొడ్లో పెట్టారు. అక్కడికి వెళ్ళాలంటే బసవపున్నయ్య గారి పొలాల మధ్యనుంచి ఒక డొంకదారి ఉండేది. ప్రతి ఈస్టరుకీ పేట పేటంతా తెల్లవారకముందే కొవ్వొత్తులు వెలిగించుకుని, పాటలు పాడుకుంటూ ఆ డొంక మీదుగా నడిచి వెళ్ళేది. సూర్యుడు వచ్చేటప్పటికి సమాధుల మధ్య ఆరాధన జరగాలి. పెద్దమ్మ ముందు రోజే వెళ్ళి పెదనాన్న సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, మర్నాడు తెల్లారగట్ల దాని పక్కన చతికిలబడి ఏడాదంతా జరిగినవన్నీ ఆయనకు చెప్పేది. ఎవరికి పెళ్ళయింది, ఎవరి గేదె ఈనింది, ఎవరు ఎవరితో మాట్లాడుకోవడం లేదు, అన్నీ.

చెప్పడమంటే ఆమెకు అంత ఇష్టం. ఆదివారం సాయంత్రం స్త్రీల కూటంలో సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే, మగవాళ్ళు కూడా గుడి బయట అరుగు మీద చేరేవారు. మా సంఘంలో సాక్ష్యానికి ఒక వరస ఉంది. ముందు దేవునికి వందనాలు. తరువాత వచ్చిన కష్టం. ఆ కష్టంలో ఏడ్చిన ఏడుపు. చివరికి అది ఎలా తీరిందో చెప్పి స్తోత్రం అనాలి. తీరిన సంగతి చెప్పకుండా కూర్చుంటే వినేవాళ్ళు ఊరుకోరు. పెద్దమ్మ ఒకసారి కోడిపెట్ట తప్పిపోయిన కష్టం చెప్పి, అది దొరికిందని స్తోత్రం చెల్లించింది. కూటం అయ్యాక మా పాస్టరు అయ్యగారు "పెట్ట ఎక్కడ దొరికింది దానమ్మా?" అని అడిగారు. "ఇంకా దొరకలేదండి అయ్యగారూ. ముందే స్తోత్రం చెప్పేసుకుంటే దేవుడికీ ఇక ఇవ్వక తప్పదని" అంది.

తొంభై ఒకటి, రెండు నాటికి మా వైపు రొయ్యల చెరువులు వచ్చాయి. ముందు సముద్రం దగ్గర, తరువాత ఏడాదికేడాదికీ లోపలికి. పొక్లెయిన్లు వచ్చి వరి మళ్ళను తవ్వి గట్లు పోశాయి. ఉప్పుటేటి నుంచి మోటార్లతో ఉప్పునీళ్ళు తోడారు. నీళ్ళలో ఫ్యాన్లు తిరిగాయి. రొయ్యలను తినడానికి నీటికాకులు గుంపులుగా దిగితే గట్ల మీద కాపలావాళ్ళు రేకు డబ్బాలు మోగించేవారు. కప్పల అరుపు పోయి రాత్రుళ్ళు మోటార్ల హోరు వచ్చింది. నాట్లు లేకపోయేసరికి పెద్దమ్మ ముఠా చెరువుల్లో నాచు తీసే పనికి మళ్ళింది.

ఊళ్ళో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. కొందరు కుర్రాళ్ళు మోపెడ్లు కొనుక్కుని హుషారుగా ఉన్నారు. ముసలివాళ్ళు బావినీళ్ళు ఉప్పగా అయ్యాయని గొణిగారు. పెద్దమ్మ మాత్రం గట్ల మీద వెలిగే దీపాలు చూసి "తిరునాళ్ళలా ఉందే" అనేది. మరుక్షణం "వరిచేలో నత్తలు ఏరుకుని కూర వండుకునేవాళ్ళం. ఈ నీళ్ళలో ఏం ఏరతాం? రొయ్య మీద చెయ్యేస్తే చెయ్యి నరుకుతారు" అనేది. రొయ్యలకు వేసే మేత బస్తాలు దించుతున్నప్పుడు ఒకసారి నాతో, "వీటికి పెట్టే తిండి చూస్తే మనమూ రొయ్యలుగా పుట్టాల్సిందే అమ్మాయ్. కాకపోతే పట్టుబడి రోజున ఇబ్బంది" అంది. చెరువు ఖాళీ చేసి రొయ్యలు పట్టే రోజును పట్టుబడి అంటారు.

అన్నిటికీ నవ్వే మనిషి ఒక్కదానికి మాత్రం నవ్వలేకపోయింది. బసవపున్నయ్య గారు తన చెరువులకు ఉప్పునీళ్ళు తెచ్చుకోవడానికి డొంకకు అడ్డంగా కాలువ తవ్వించారు. సమాధుల దొడ్డి కాలువ అవతల ఉండిపోయింది. చుట్టు తిరిగి వెళదామంటే ఆ పక్క వేరేవాళ్ళ చెరువులు, ముళ్ళకంచెలు, కుక్కలు. ఆ ఏడు ఏసుపాదం తాత పోతే పెట్టెను మేత చల్లే చిన్న పడవ మీద పెట్టి దాటించారు. పడవ ఒక పక్కకు ఒరిగితే గట్టు మీద ఉన్న మేమంతా గుండెలు పట్టుకున్నాం. ఈస్టరుకు కూడా ఆ పడవలోనే కొద్దికొద్దిమందిగా దాటారు. పెద్దమ్మ ఒక కాలు పడవలో పెట్టి, నీళ్ళవైపు చూసి, కళ్ళు తిరిగి వెనక్కి వచ్చేసింది. జీవితమంతా మోకాటి లోతు నీళ్ళలో బతికిన మనిషికి లోతు నీళ్ళంటే భయం. పెళ్ళయ్యాక మొదటిసారి, కొవ్వొత్తి పట్టుకుని ఈ గట్టునే ఉండిపోయింది.

ఆ తరువాత నాతో అన్న మాట ఇది: "బతికుండగా ఆయన దగ్గరికి నడిచి వెళ్ళే దారి లేదు, చచ్చాక నన్నూ ఆ పడవే ఎక్కిస్తారు. నాకు కళ్ళు తిరుగుతాయే."

అయ్యగారు, సంఘపెద్ద యేసుదాసు గారు వెళ్ళి బసవపున్నయ్య గారిని అడిగారు. కాలువ మీద చిన్న వంతెన వేయిస్తే చాలన్నారు. ఆయన చెడ్డవాడు కాడు. కాకపోతే దేనికైనా "చూద్దాం" అంటాడు. కాలువలో పూడిక తీసే పొక్లెయిన్ ఆ దారినే రావాలి, వంతెన అడ్డమవుతుంది, ఈ పట్టుబడి అవనీయండి చూద్దాం అన్నాడు. పట్టుబడి అయింది. ఇంకో పంట వేశారు. మళ్ళీ ఈస్టరుకు ముందొచ్చే లెంటు దినాలు వచ్చాయి.

తొంభై నాలుగు అది. అప్పటికి నేను తెనాలిలో తెలుగు టీచరుగా చేస్తున్నాను. మా వారి స్నేహితుడు వేంకటసుబ్రహ్మణ్యం గారని, హైదరాబాదులో ఉంటూ డాక్యుమెంటరీలు తీసేవారు. వరి భూములు ఉప్పునీటి చెరువులయ్యాక అక్కడి పక్షులకు, చేపలకు, మనుషులకు ఏమైందన్నది ఆయన తీస్తున్న సినిమా. బాపట్ల తీరం నుంచి రేపల్లె దాకా తిరుగుతూ మా ఇంటికి వచ్చి "మనుషులు మనసు విప్పి మాట్లాడే ఊరేదైనా చూపించమ్మా" అన్నారు. మాట్లాడే ఊరంటే నాకు మా ఊరే గుర్తొచ్చింది.

మొదటి రోజు ఆయన ఊరంతా చూసుకున్నారు. చెరువుల పక్కన ఉప్పు పేరుకుని తెల్లగా పగుళ్ళిచ్చిన బీడు ఒకటి ఆయనకు బాగా నచ్చింది. "రేపు పొద్దున్నే అందరినీ ఇక్కడ నిలబెట్టి మాట్లాడిద్దాం" అని బాపట్ల వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున ఆయన జీపు దిగి అలాగే నిలబడిపోయారు. బీడంతా తడిసి నల్లగా ఉంది. దుమ్ము లేకుండా బిందెలతో నీళ్ళు చల్లారు. పగుళ్ళు కనిపించడం లేదు. రెండు పక్కలా కొబ్బరాకు తోరణాలు. ఆడవాళ్ళంతా గుడికి కట్టే చీరల్లో, తలల్లో పూలతో, ముఖాలకు పౌడరుతో. మగవాళ్ళు ఇస్త్రీ చొక్కాలు.

"ఏంటండీ ఇది?" అన్నారు ఆయన నీరసంగా.

యేసుదాసు గారు మురిసిపోతూ, "మీరొస్తారని తెల్లారకముందే నీళ్ళు కొట్టించామండి. ఎంత కరువులో ఉన్నా అతిథికి దుమ్ము కొట్టిస్తామా?" అన్నాడు.

"నాకు ఆ దుమ్మే కావాలండి! మీరు రోజూ ఎలా ఉంటారో అలా ఉండాలి."

"రోజూ ఇట్టాగే ఉంటామండి," అంది పెద్దమ్మ. "ఆదివారం అయితే."

సరే, ఎండెక్కితే ఆరుతుందిలే అని ఆయన మాట్లాడించడం మొదలుపెట్టారు. కెమెరా వెనకాల బసవపున్నయ్య గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కన ఆయన భార్య శివపార్వతి గారు. సినిమావాళ్ళకు టిఫిన్ వాళ్ళింటి నుంచే వచ్చింది. అందువల్ల ఎవరిని అడిగినా ఒకటే జవాబు.

"భూమి ఇలా మారిపోయింది కదా, మీకేమనిపిస్తోంది?"

"బాగుందండి," అన్నాడు యేసుదాసు.

"వరి పోయింది కదా?"

"పోయిందండి. బాగుందండి."

"బావినీళ్ళు ఉప్పగా అయ్యాయట?"

"కూరలో ఉప్పు కలిసొస్తోందండి," అని వెనకనుంచి ఎవరో అన్నారు. అంతా నవ్వారు. వేంకటసుబ్రహ్మణ్యం గారు నావైపు చూశారు. నేను తల దించుకున్నాను.

చివరికి పెద్దమ్మ వంతు వచ్చింది. ఆయన విసుగు దాచుకుంటూ, "అమ్మా, మీకేం జరిగిందో, మీ మనసులో ఏముందో చెప్పండి. మొదటినుంచీ చెప్పండి. నేను అడ్డు రాను" అన్నారు.

మొదటినుంచీ చెప్పమని, అడ్డు రానని, నలుగురి ముందూ నిలబెట్టి అడిగితే పెద్దమ్మకు తెలిసిన పద్ధతి ఒకటే. కొంగు నెత్తిమీదికి లాక్కుని, చేతులు జోడించింది.

"ఈ ఉదయం నన్ను సజీవుల లెక్కలో ఉంచిన దేవునికి వందనాలు. కూడొచ్చిన మీ అందరికీ వందనాలు. నేను ఈ నేల మీద నాట్లేసి బతికినదాన్ని. ఈ మడి నాకు తెలుసు, ఆ మడి నాకు తెలుసు. ఎక్కడ కాలు దిగబడుద్దో, ఎక్కడ నిలబడుద్దో తెలుసు. నారు పెట్టి చెయ్యి తీస్తే మట్టి వెచ్చగా వేళ్ళని పట్టుకునేది. ఇప్పుడు ఈ నేల నన్ను గుర్తుపట్టదు. నేనూ దాన్ని గుర్తుపట్టలేను. సరేలే, కొత్త కోడలు కదా, అలవాటవుద్దిలే అనుకున్నాను. కానీ నా పెనిమిటి ఆ కాలువ అవతల పడుకుని ఉన్నాడు. పోయిన ఈస్టరుకి ఆయన దగ్గరికి వెళ్ళలేకపోయాను. అందరూ పడవెక్కారు. నాకు కళ్ళు తిరిగినై. ఈ గట్టున నిలబడి, అక్కడ పాడుతున్న పాట వింటా, దేవా, నా మనిషి దగ్గరికి నాకు దారి లేకుండా చేశావేంటని ఏడ్చాను..."

కెమెరా పట్టుకున్నాయన కదలడం లేదు. యేసుదాసు గారు ముఖం తుడుచుకుంటున్నారు. వేంకటసుబ్రహ్మణ్యం గారి కళ్ళు మెరిశాయి. ఇక చాలు, ఆపేద్దామన్నట్టు చెయ్యెత్తారు. పెద్దమ్మ ఆగలేదు. ఎలా ఆగుతుంది? సాక్ష్యం సగంలో ఉంది.

"అట్టా నేను ఏడుస్తా ఉంటే, దేవుడు బసవపున్నయ్య గారి మనసు కదిలించాడు. ఆ మారాజు, 'దానమ్మా, నా పొలంలో ఇన్నేళ్ళు నాట్లేశావు, ఈ ఈస్టరుకి నువ్వు నడిచే వెళ్ళాలి' అని కాలువ మీద తాటి మొద్దులతో వంతెన వేయించాడు. ఆయన చెరువులు చల్లగా ఉండాలి. దేవునికి స్తోత్రం!"

"స్తోత్రం!" అంది పేటంతా, అలవాటు కొద్దీ, గట్టిగా.

బసవపున్నయ్య గారు కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయారు. అందరూ ఆయనవైపే చూస్తున్నారు. వేంకటసుబ్రహ్మణ్యం గారు ఉత్సాహంగా ఆయన దగ్గరికి నడిచి, "ఈ సంగతి చెప్పలేదేమండీ! ఆ వంతెన ఎక్కడ? మీరు దాని మీద నిలబడితే కెమెరాలో తీసుకుంటాను" అన్నారు.

"వంతెనా... అదండి... మొద్దులు చూసిపెట్టానండి... ఇంకా..." అని ఆయన నసిగాడు.

"వేస్తున్నారండి," అంది శివపార్వతి గారు లేచి నిలబడి. "ఈస్టరు ముందు మట్టల ఆదివారానికల్లా అయిపోద్ది. మీరు మర్నాడు రండి." ఆ మాట అంటూ భర్తవైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆమె పుట్టిల్లు అమృతలూరు. అక్కడి బంధువులంతా టీవీ ముందు కూర్చుని చూస్తారన్న సంగతి ఆమెకు అప్పుడే తట్టినట్టుంది.

ఇంటికి వస్తూ, "పెద్దమ్మా, అంత మాట ఎలా అనేశావు? ఆయన వేయించలేదు కదా" అన్నాను.

"వేయించలేదు కాబట్టే అన్నా. వేయించాక ఎవరైనా అంటారు."

"అది అబద్ధం కాదూ?"

"సాక్ష్యం సగంలో వదిలేసి కూర్చోమంటావా? అంతమందిని ఏడిపించి ఇంటికి పంపిస్తామా?" అని నా మీదే విసుక్కుంది.

సాయంత్రం బసవపున్నయ్య గారు మోపెడ్ మీద మా ఇంటి ముందుకు వచ్చి, దిగకుండానే కేకేశాడు. "ఏమే దానమ్మా! నా మనసు ఎప్పుడు కదిలింది? నాకు తెలియకుండా?"

పెద్దమ్మ చేట కింద పెట్టి బయటికి వచ్చింది. "కదలకపోతే ఇంత దూరం ఎందుకొస్తారండి?"

"పొక్లెయిన్ ఎట్టా పోద్ది, అది చెప్పు."

"మొద్దులే కదండి. అదొచ్చిన రోజు ఎత్తి గట్టున పెట్టుకోండి. పోయాక మేమొచ్చి మళ్ళీ వేసుకుంటాం. మా మగోళ్ళకి పనేముంది?"

"మారాజు అన్నావు. నన్ను మారాజు అని మా ఇంటిదే అనలేదు ఇంతవరకూ."

"ఆవిడకి చెప్పమంటారా?"

"వద్దులే తల్లీ," అని ఆయన మోపెడ్ తిప్పాడు. మర్నాడే మనుషులు తాటిచెట్లు కొట్టారు. మొద్దులు పక్కపక్కన పరిచి, సందుల్లో మట్టి కూరి, ఒక వైపు నైలాను తాడు కూడా కట్టించాడు. వేంకటసుబ్రహ్మణ్యం గారు మాట ప్రకారం వచ్చి, గంజిపెట్టిన ఖద్దరు చొక్కాతో వంతెన మీద నిలబడ్డ బసవపున్నయ్య గారిని కెమెరాలో తీశారు. పెద్దమ్మను కూడా ఎక్కమన్నారు. "ఈస్టరుకే తొక్కుతానండి, ముందు తొక్కితే ఏం బాగుంటుంది?" అని ఆమె తప్పించుకుంది. నీళ్ళవైపు చూసిన ఆమె చెయ్యి నా మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందో నాకే తెలుసు. వంతెన వచ్చింది కానీ భయం ఎటూ పోలేదు.

సినిమా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. వానాకాలంలో ఒక సాయంత్రం టీవీలో వచ్చింది. సరిగ్గా ఆ వేళకు మా ఊళ్ళో కరెంటు పోయింది. బసవపున్నయ్య గారు తన టీవీని మోయించుకుని చెరువు దగ్గర జనరేటరు షెడ్డుకు తెచ్చాడు. ఊరంతా రొయ్యల గట్టు మీద కూర్చుని చూసింది. నీటికాకులు చాలాసేపు కనిపించాయి. పెద్దమ్మ సాక్ష్యం మొత్తం వచ్చింది, స్తోత్రంతో సహా. చెరువుల గురించి బసవపున్నయ్య గారు చెప్పిన పెద్ద ఉపన్యాసం ఎక్కడా రాలేదు. వంతెన మీద ఆయన ఒక్క క్షణం కనిపించి మాయమయ్యాడు. "తుమ్మేలోపు అయిపోయారు," అంది శివపార్వతి గారు. అయినా ఆ తరువాత ఎప్పుడు పొక్లెయిన్ వచ్చినా, మొద్దులు తిరిగి వేయించే పని ఆయన మరొకరికి వదల్లేదు.

ఇక వెనక్కి వస్తే, ఆ ఏటి ఈస్టరు ఉదయం తూరుపు ఇంకా తెల్లబడలేదు. గుడి దగ్గర బయలుదేరిన పాట డొంక మీదుగా కాలువ దాకా వచ్చింది. కొవ్వొత్తులు ఒక్కొక్కటే వంతెన దాటాయి. అయ్యగారు దాటారు. ముసలివాళ్ళు దాటారు. పిల్లలు పరుగెత్తబోతే తల్లులు రెక్కపట్టి దాటించారు. చివరికి ఈ గట్టున పెద్దమ్మ, నేను మిగిలాం. ఆమె ఒక అడుగు మొద్దు మీద వేసి, కింద నల్లగా కదులుతున్న నీళ్ళు చూసి, వెనక్కి తీసుకుంది. మళ్ళీ వేసింది. మళ్ళీ తీసుకుంది.

అవతలి గట్టు మీద ఫ్యాన్లు చూసుకుంటున్న బసవపున్నయ్య గారు టార్చి వేశాడు. "ఏంటి దానమ్మా, అక్కడే ఉన్నావు? మనసు కదిలించుకుని వేయించాను కదా!"

"మీ మనసు బాగానే కదిలిందండి. నా కాళ్ళే కదలట్లేదు."

"పడవ తెప్పించమంటావా?"

"ఆ పేరెత్తకండి బాబూ!"

తరువాత కొవ్వొత్తి నా చేతికిచ్చి, చీర మోకాళ్ళపైకి ఎత్తి బొడ్లో దోపుకుంది. కాలువకు వీపు పెట్టి, ఊరివైపు తిరిగి, నడుము వంచింది. రెండు చేతులూ మొద్దుల మీద ఆనించి ఒక అడుగు వెనక్కి వేసింది. నాట్లు వేసేవాళ్ళు ఎప్పుడూ వెనక్కే నడుస్తారు. ముందున్నది వేసిన నారు, వెనకున్నది వేయాల్సిన మడి. వెనక ఏముందో వాళ్ళు చూడరు, కాలే చూస్తుంది. చెయ్యి ఆనించడం, అడుగు తీయడం, చెయ్యి ఆనించడం. అదే ఒడుపుతో పెద్దమ్మ కాలువ మీద వెనక్కి వెనక్కి పోతోంది. నేను ఆమెకు ఎదురుగా, రెండు కొవ్వొత్తులతో వంగి నడుస్తున్నాను. అవతల ఉన్న ముఠా ఆడవాళ్ళకు సంగతి అర్థమై గొల్లున నవ్వారు.

"వరస వంకర పోతంది అక్కా!" అని ఒకామె అరిచింది.

"నారుకట్ట అందించమంటావా వదినా?" అని ఇంకొకామె.

"నోళ్ళు ముయ్యండే, నవ్వొస్తే పడతాను!" అంది పెద్దమ్మ, తల ఎత్తకుండా. "గట్టు వచ్చిందా?"

"వచ్చింది, వచ్చింది."

"అబద్ధం చెప్పకండి!"

మడమకు మట్టి తగిలాక గానీ నడుము ఎత్తలేదు. లేచి, తను దాటిన నీళ్ళను ఒకసారి చూసి, "ఇంతేనా!" అంది. బసవపున్నయ్య గారు టార్చి ఆర్పేసి, పైపంచె భుజాన సర్దుకుని, ఎవరూ పిలవకుండానే మా వెనకాల సమాధుల దొడ్డి దాకా వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

పెదనాన్న సమాధి రెండేళ్ళుగా సున్నం లేక బూడిదరంగు తిరిగింది. గడ్డి మొలిచింది. పెద్దమ్మ గడ్డి పీకుతూ, పక్కన చతికిలబడి మొదలుపెట్టింది. "ఏమయ్యా, పోయినేడు రాలేదని అలిగావా? రావడానికి దారి లేదయ్యా. ఇప్పుడుంది. ఎట్టా వచ్చిందో చెప్తాను, విను. ముందు ఆ సినిమాయన సంగతి..."

తూరుపు ఎర్రబడింది. కొవ్వొత్తులు ఆర్పేయవచ్చు. అయ్యగారు పుస్తకం తెరిచి, ఆరాధన మొదలుపెట్టడానికి నోరు తెరిచి, పెద్దమ్మవైపు చూసి, ఆమె చెప్పడం అయ్యేదాకా పేజీలో వేలు పెట్టుకుని నిలబడ్డారు.